డ్యాష్‌బోర్డులో రాయల్టీ ఉంది, బ్యాంకులో లేదు: విదేశీ రాయల్టీ చేతికి అందాలంటే ఏం చేయాలి

సొంతంగా పుస్తకం వేసుకున్నవాళ్ళు అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి ఒకచోటికే వస్తాయి. వేరే దేశాల్లో కాపీలు అమ్ముడయ్యాయి, పుస్తకం పెట్టిన సైటు డ్యాష్‌బోర్డులో (లెక్కలు చూపించే పేజీలో) అంకె కనిపిస్తోంది, డబ్బు మాత్రం పడలేదని కొందరు. పడింది గానీ చూపించినదాని కంటే బాగా తక్కువ పడింది, మిగతాది ఎవరు తిన్నారని ఇంకొందరు. చాలాసార్లు ఎవరూ తినలేదు. పన్ను ఫారం సగం నింపి వదిలేయడం, బ్యాంకు వివరాల్లో పేరు తేడా రావడం, కనీస మొత్తం దాటని చిల్లర నాలుగైదు చోట్ల ఇరుక్కుపోవడం, ఎక్కువ కేసులు ఈ మూడింట్లో ఏదో ఒకటి. మూడూ మీరే సరిచేసుకోగలిగినవే.

మొదట ఒక అలవాటు మార్చుకోండి. విదేశీ రాయల్టీ మొత్తాన్ని ఒకే ఆదాయంగా చూడొద్దు. మీ పుస్తకం అమ్మే ఒక్కో ఆన్‌లైన్ స్టోరూ మీకు విడిగా అప్పున్న మనిషి అనుకోండి. ఎవరు ఎంత ఇవ్వాలి, ఎప్పుడిస్తారు, అందులోంచి ఏం కోస్తారు అన్నది మనిషి మనిషికీ మారుతుంది. కింద చెప్పేవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ దేశపు పన్ను గుర్తింపు సంఖ్య, దాని మీద మీ పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా
- బ్యాంకు పాస్‌బుక్కు లేదా స్టేట్‌మెంటు, బ్యాంకు స్విఫ్ట్ కోడ్ (విదేశీ బదిలీల్లో బ్యాంకును గుర్తించేది), మీ దేశంలో వాడుకలో ఉంటే ఐబాన్ (అంతర్జాతీయ ఖాతా) నంబరు
- మీ పుస్తకాల జాబితా: ఒక్కో రూపానికి (ఈబుక్, పేపర్‌బ్యాక్, ఆడియో) ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) ఉందా లేదా
- మీ పుస్తకం పెట్టిన ప్రతి సైటు లాగిన్
- ఒక స్ప్రెడ్‌షీట్, లేదంటే ఒక నోటుపుస్తకం

1. ఎవరెవరు ఇవ్వాలో ముందు రాసుకోండి

అమెజాన్ సొంత ప్రచురణ వేదిక కేడీపీలో పుస్తకం పెట్టారంటే ఒకచోట పెట్టినట్టు కాదు. అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్, ఇలా ఒక్కో స్టోరు అమ్మకం విడిగా లెక్కకొస్తుంది, విడిగా చెల్లింపు వస్తుంది. కోబో, గూగుల్ ప్లే బుక్స్, ఆపిల్ బుక్స్‌లో నేరుగా పెట్టి ఉంటే అవి మళ్ళీ వేరు. డ్రాఫ్ట్2డిజిటల్ లాంటి మధ్యవర్తి ద్వారా పంపితే ఆ స్టోర్లన్నింటి డబ్బూ ఒకే చేతి మీదుగా వస్తుంది, దానికి వాళ్ళు సుమారుగా పుస్తకం ధరలో 10 శాతం తీసుకుంటారు. నన్నడిగితే నెలకు నాలుగు కాపీలు పోయే స్టోర్ల కోసం నాలుగు ఖాతాలు, నాలుగు పన్ను ఫారాలు నడపడం దండగ, ఆ కమీషన్ ఇచ్చేయడమే సుఖం. బాగా అమ్ముడయ్యే స్టోరు ఒకటో రెండో ఉంటే వాటిని మాత్రం నేరుగా ఉంచుకోండి.

ఇక్కడ జరిగే పొరపాటు: ఒకే పుస్తకాన్ని ఒకే స్టోరుకు నేరుగానూ మధ్యవర్తి ద్వారానూ రెండుసార్లు పంపేయడం. రెండు పేజీలు తయారవుతాయి, అమ్మకాలు చీలిపోతాయి, లెక్క మీకే తెగదు. ఇంకొకటి, కేడీపీ సెలెక్ట్ (ఈబుక్‌ను 90 రోజుల గడువుకు అమెజాన్‌కే పరిమితం చేసే పథకం)లో చేర్చిన ఈబుక్‌ను ఆ 90 రోజులూ ఇంకెక్కడా అమ్మకూడదు. ఇది ఈబుక్‌కే, పేపర్‌బ్యాక్‌కు వర్తించదు.

2. పన్ను ఫారం పూర్తిగా, సరిగ్గా నింపండి

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

అమెరికా పౌరులు గానీ నివాసులు గానీ కానివాళ్ళకు అమెరికా మూలంగా వచ్చే రాయల్టీ మీద అక్కడి చట్టం ప్రకారం 30 శాతం పన్ను ముందే కోసేస్తారు. మీరుండే దేశానికీ అమెరికాకూ పన్ను ఒప్పందం ఉంటే ఈ శాతం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది ఒప్పందాన్ని బట్టి: బ్రిటన్ నివాసులకు రాయల్టీ మీద 0, ఆస్ట్రేలియాకు 5, భారత్‌కు 15 శాతం. ఒప్పందమే లేని దేశాలూ ఉన్నాయి, వాళ్ళకు 30 తప్పదు. తగ్గింపు దానంతట అది రాదు, మీరు ఫారంలో అడగాలి. అడగకపోతే 30 పోతూనే ఉంటుంది, ఎవరూ మీకు ఫోన్ చేసి చెప్పరు.

ఆ ఫారం పేరు డబ్ల్యూ-8బెన్. మీరు సొంత పేరు మీద కాకుండా కంపెనీ పేరు మీద ప్రచురిస్తుంటే డబ్ల్యూ-8బెన్-ఈ. చాలా సైట్లలో దీన్ని కాగితంలా చూపించరు, ట్యాక్స్ ఇంటర్వ్యూ అని వరసగా ప్రశ్నలు అడుగుతారు. అందులో చూసుకోవాల్సినవి:

- అమెరికా పన్నుల దృష్టిలో మీరు అమెరికా వ్యక్తా అంటే, కాకపోతే కాదనే చెప్పండి. ఇక్కడ పొరపాటున అవునంటే వేరే ఫారం తెరుచుకుంటుంది, అక్కణ్ణుంచి అంతా తప్పే.
- పేరు దగ్గర మీ పన్ను పత్రాల్లో ఉన్న అసలు పేరు. కలం పేరు కాదు. కలం పేరు పుస్తకం అట్ట మీద ఉంటే చాలు, ఖాతాలో ఎక్కడా దాని అవసరం లేదు. ఎందరికో డబ్బు ఆగేది ఈ ఒక్క గడి వల్లే.
- శాశ్వత చిరునామా అంటే మీరు నిజంగా ఉండే చోటు. పోస్టు బాక్సు నంబరు పనికిరాదు. అమెరికాలో ఉన్న బంధువుల చిరునామా అసలు పెట్టొద్దు, ఒప్పందం కింద తగ్గింపు అడిగేవాళ్ళకు అది అనవసరపు తలనొప్పి.
- పన్ను గుర్తింపు సంఖ్య దగ్గర మీ దేశపు సంఖ్య ఇస్తే సరిపోతుంది. ఒప్పందం ప్రయోజనం కోసం అమెరికా సంఖ్యే ఉండాలని, దానికి ఏజెంటుకు డబ్బు కట్టాలని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ దేశపు సంఖ్యను సైటు తీసుకుంటుంటే ఆ ఖర్చు మీకొద్దు.
- ఒప్పందం వర్తింపజేయమని అడిగే ప్రశ్న వస్తుంది. తొందరలో దాన్ని దాటేసేవాళ్ళే ఎక్కువ. అక్కడ మీ దేశం ఎంచుకుని, చివరి పేజీలో శాతం ఎంత చూపిస్తోందో చదివాకే సంతకం చేయండి.

సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడం తేలిక. సమర్పించాక ఖాతా సెట్టింగుల్లో పన్ను సమాచారం పేజీకి వెళ్ళి అక్కడ శాతం చూడండి. మీ దేశానికి 15 రావాల్సింది 30 అని ఉంటే సంఖ్య గడి ఖాళీగా ఉందేమో, పేరు తేడా ఉందేమో చూసి, ఇంటర్వ్యూ మళ్ళీ మొదట్నుంచీ చేయండి.

ఈ ఫారానికి కాలపరిమితి ఉంది. సంతకం చేసిన సంవత్సరం తర్వాత వచ్చే మూడో సంవత్సరం డిసెంబర్ 31 వరకే మామూలుగా చెల్లుతుంది. 2025లో చేస్తే 2028 చివరిదాకా. ఈలోపు మీరు వేరే దేశానికి మారితే వెంటనే కొత్తది ఇవ్వాలి. క్యాలెండర్లో ఇప్పుడే రిమైండర్ పెట్టుకోండి, లేకపోతే అంతా సవ్యంగా నడుస్తున్న రోజుల్లో హఠాత్తుగా 30 శాతం కోత మొదలై కారణం తెలీక టెన్షన్ పడతారు.

ఇప్పటికే ఎక్కువ కోసేశారా? ఫారం సరిచేస్తే ముందు ముందు వచ్చేవి సరవుతాయి. వెనకటిది కావాలంటే అమెరికా పన్ను శాఖకు 1040-ఎన్ఆర్ రిటర్ను వేసి వాపసు అడగాలి. పెద్ద మొత్తమైతే వేయండి. చిన్నదైతే ఆ కాగితాల ఖర్చుకే చాలదు, వదిలేయడమే నయం.

మధ్యవర్తి సైటులో, కోబోలో, ఇంకెక్కడైనా పన్ను వివరాలు అడిగితే మళ్ళీ విడిగా నింపాల్సిందే. ఒకచోట నింపింది ఇంకోచోటికి వెళ్ళదు.

3. డబ్బు వచ్చే దారి ఎంచుకోండి

దారులు మూడు. స్టోరు నేరుగా మీ బ్యాంకులో మీ కరెన్సీలోనే వేసే ఎలక్ట్రానిక్ బదిలీ, అంతర్జాతీయ వైర్ బదిలీ (విదేశీ బ్యాంకు నుంచి మధ్య బ్యాంకుల మీదుగా మీ బ్యాంకుకు వచ్చేది), పేయోనీర్ లాంటి చెల్లింపు సంస్థ ఇచ్చే విదేశీ ఖాతా. ఎలక్ట్రానిక్ బదిలీ మీ దేశానికి ఉంటే మొదట అదే చూడండి. కేడీపీలో దీనికి చాలా స్టోర్లకు కనీస మొత్తం అంటూ లేదు, వచ్చిన నాలుగు డాలర్లూ పంపేస్తారు.

వైర్ ఖరీదైన దారి. ఉదాహరణకు 140 డాలర్ల రాయల్టీ వచ్చింది, 15 శాతం పన్ను కింద 21 పోయి 119 బయల్దేరింది, మధ్యలో బ్యాంకులు 15 డాలర్లు ఛార్జీ తీసుకున్నాయనుకుందాం. మీకు చేరేది 104. పన్ను పోను మిగిలినదాంట్లో ఎనిమిదో వంతు దారి ఖర్చుకే పోయింది, దాని మీద మీ బ్యాంకు మారకపు రేటులో వేసుకునే కొసరు ఇంకా లెక్కలోకి రాలేదు. పేయోనీర్ లాంటివాటిలో కూడా మార్పిడికి ఛార్జీ ఉంటుంది. అందుకని ఉచితం అన్న మాట చూసి పొంగిపోకుండా, ఆఖరికి మీ ఖాతాలో ఎంత పడుతుందన్న ఒక్క అంకెనే పోల్చండి.

చెల్లింపు సంస్థ ఖాతా వాడేవాళ్ళకు ఒక జాగ్రత్త: స్టోరు ఆ సంస్థను ఒప్పుకుంటుందో లేదో ముందే చూడండి. కేడీపీ దగ్గర తాము అంగీకరించే సంస్థల జాబితా ఉంటుంది, అందులో లేని సంస్థ ఖాతా నంబరు ఇస్తే చెల్లింపు ఆగిపోవచ్చు.

వివరాలు ఎక్కించేటప్పుడు స్విఫ్ట్ కోడ్ 8 లేదా 11 అక్షరాలుంటుంది, ఒక్కటి తగ్గినా పెరిగినా తప్పే. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా చూసుకోండి. ఖాతాదారు పేరు బ్యాంకులో ఎలా ఉందో అలాగే రాయండి, ఇంటిపేరు బ్యాంకులో ముందుంటే ఇక్కడా ముందే. భార్య ఖాతా, తమ్ముడి ఖాతా ఇవ్వడం అస్సలు వద్దు. ఇంకో మాట, చెల్లింపు తేదీ దగ్గర పడ్డాక బ్యాంకు వివరాలు మార్చకండి. మార్చాలనుంటే ఆ నెల డబ్బు పడ్డాక మార్చండి.

4. ఎప్పుడొస్తుందో తెలుసుకుని ఆగండి

ఈ మధ్యే మొదలుపెట్టినవాళ్ళ కంగారులో చాలాభాగం ఇదే, డబ్బు వచ్చే వేళ ఇంకా కాలేదు. కేడీపీ అమ్మకం జరిగిన నెల ముగిశాక సుమారు 60 రోజులకు చెల్లిస్తుంది, అంటే జనవరి అమ్మకాల డబ్బు మార్చి నెలాఖరుకు. కోబో నెల ముగిశాక 45 రోజులకు, అదీ 50 డాలర్లు దాటితే. ముద్రణ కాపీలను షాపులకు చేర్చే ఇంగ్రామ్‌స్పార్క్ ద్వారా వెళ్ళేవాటికి 90 రోజులు.

కనీస మొత్తాల సంగతి కూడా ఇక్కడే. కేడీపీలో వైర్ లేదా చెక్కు ఎంచుకుంటే ఒక్కో స్టోరుకు విడిగా 100 డాలర్లో, 100 పౌండ్లో, 100 యూరోలో దాటాలి. అమెరికా స్టోరులో 80, బ్రిటన్‌లో 60, జర్మనీలో 70 ఉన్నాయనుకోండి, కలిపి చూస్తే ఘనంగానే ఉంటుంది, చేతికి వచ్చేది సున్నా. అవి కలవవు. పోవు కూడా, దాటేదాకా అలా ఉంటాయంతే. ఎలక్ట్రానిక్ బదిలీకి మారడానికి వీలుంటే మారిపోవడమే దీనికి మందు.

5. అంకె తక్కువ రావడానికి పన్ను కాని కారణాలు

కేడీపీలో ఈబుక్ రాయల్టీకి 70, 35 అని రెండు శాతాలుంటాయి. 70 శాతం అని ఎంచుకున్నాను, అంత రాలేదు అంటే ఇవి చూడండి. కేడీపీలో 70 శాతం అన్ని దేశాలకూ వర్తించదు, జాబితాలో లేని దేశపు కొనుగోలుదారు కొంటే 35 శాతమే. బ్రెజిల్, జపాన్, మెక్సికో, భారత్ అమ్మకాలకు 70 రావాలంటే పుస్తకం కేడీపీ సెలెక్ట్‌లో ఉండాలి. యూరప్ దేశాల్లో పాఠకుడు చూసే ధరలో అక్కడి వ్యాట్ కలిసి ఉంటుంది, రాయల్టీ లెక్కేసేది అది తీసేశాక.

బొమ్మలు ఎక్కువున్న పుస్తకాలకు ఇంకో చిక్కుంది. 70 శాతం ఎంచుకుంటే అమెరికా స్టోరులో ఫైలు సైజును బట్టి మెగాబైటుకు 0.15 డాలర్ల డెలివరీ ఖర్చు తీస్తారు. 4.99 డాలర్ల పుస్తకం ఫైలు 2 మెగాబైట్లయితే కాపీకి సుమారు 3.28 వస్తుంది. అదే ఫైలు 20 మెగాబైట్లయితే 1.39 మాత్రమే. 35 శాతంలో డెలివరీ ఖర్చు లేదు, అదే పుస్తకానికి 1.75 వస్తుంది. తక్కువ శాతమే ఎక్కువ డబ్బు తెచ్చే విచిత్రం ఇది. ఫైలు సైజు తగ్గించండి, తగ్గకపోతే 35కు మారండి.

ముద్రణ కాపీలు ఇంగ్రామ్‌స్పార్క్ ద్వారా పంపేవాళ్ళు రిటర్నుల సెట్టింగు ఒకసారి తెరిచి చూడండి. షాపులు వాపసు పంపొచ్చు అని పెట్టి ఉంటే, అమ్మినట్టు కనిపించిన కాపీలు నెలల తర్వాత తిరిగొచ్చి ఖర్చు మీ మీదే పడుతుంది, ఖాతా మైనస్‌లోకి కూడా వెళ్తుంది. షాపుల వాళ్ళు రిటర్ను ఉంటేనే తెప్పిస్తారన్నది నిజమే, అయినా ఆ దెబ్బ తట్టుకునే డబ్బు చేతిలో లేనివాళ్ళు వద్దు అనే పెట్టుకోండి.

6. ఎవరూ చెప్పని రెండో డబ్బు

అమ్మకాలతో సంబంధం లేని రాయల్టీలు కొన్ని ఉన్నాయి. లైబ్రరీలో మీ పుస్తకం అరువు తీసుకుంటే కొన్ని దేశాలు రచయితకు డబ్బిస్తాయి. బ్రిటన్‌లో దీనికోసం 1979లోనే చట్టం వచ్చింది. అక్కడి పథకంలో చేరాలంటే బ్రిటన్‌లో గానీ యూరోపియన్ ఆర్థిక ప్రాంతపు దేశాల్లో గానీ నివాసం ఉండాలి, ఒక రచయితకు ఏడాదికి గరిష్ఠంగా 6,600 పౌండ్లు. కెనడా పథకం అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు. అమెరికాలో ఇలాంటిది లేదు. మీరు ఉండే దేశంలో ఉందేమో ముందు అది చూడండి, నివాసం నిబంధన చాలాచోట్ల ఉంటుంది కాబట్టి అన్ని దేశాలకూ అర్జీలు పెట్టి లాభం లేదు.

పుస్తకంలోంచి పేజీలు జిరాక్సు తీసుకున్నందుకు, స్కాన్ చేసుకున్నందుకు విద్యాసంస్థల దగ్గర రుసుము వసూలు చేసి రచయితలకు పంచే సంస్థలు వేరే ఉన్నాయి. బ్రిటన్‌లో 1977 నుంచి ఉన్న ఏఎల్‌సీఎస్ అలాంటిదే, ఇతర దేశాల రచయితలూ చేరొచ్చు, సభ్యత్వ రుసుము మీకు వచ్చే మొదటి చెల్లింపులోంచే తీసుకుంటారు. పాఠ్యపుస్తకాలు, మాన్యువళ్ళు, పరిశోధన రాసేవాళ్ళకు ఇది ఉపయోగం. నవలలకు పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఇలాంటి వాటిల్లో పుస్తకాన్ని గుర్తించేది ఐఎస్‌బీఎన్‌తో. కిండిల్ ఈబుక్‌కు అమెజాన్ ఇచ్చే ఏసిన్ నంబరు ఐఎస్‌బీఎన్ కాదు. ఈబుక్ మాత్రమే వేసినవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు, పేపర్‌బ్యాక్ కూడా ఉంటే దాని నంబరుతో నమోదు చేయండి.

హెచ్చరిక ఒకటి. మీకు విదేశంలో రాయల్టీ పేరుకుపోయింది, విడుదల చేయడానికి ముందు పన్ను కట్టండి, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని మెయిలొస్తే అది మోసం. ఇచ్చేవాళ్ళు కోసుకుని ఇస్తారు, మీ దగ్గర అడగరు. బ్యాంకు వివరాలు మళ్ళీ నింపండి అంటూ లింకు వచ్చినా నొక్కొద్దు, సైటు అడ్రసు మీరే టైపు చేసి లోపలికి వెళ్ళి చూడండి.

7. నెలనెలా లెక్క సరిచూడండి

స్ప్రెడ్‌షీట్‌లో వరసగా గడులు ఇవి: అమ్మకం నెల, స్టోరు, కరెన్సీ, చూపించిన రాయల్టీ, కోసిన పన్ను, పంపిన మొత్తం, బ్యాంకులో పడిన మొత్తం, పడిన తేదీ. ఒక్కో స్టోరుకు ఒక్కో వరస.

రాయల్టీ గడిలో రోజూ మారే అంచనా అంకె రాయకండి. నెల ముగిశాక వచ్చే రిపోర్టు దించుకుని అందులోది రాయండి. కిండిల్ అన్‌లిమిటెడ్ (పాఠకులు నెలసరి చందాతో చదివే అమెజాన్ పథకం)లో చదివిన పేజీలకు ఎంతిస్తారన్నది ఆ నెల నిధిని బట్టి తర్వాతి నెల మధ్యలో గానీ తేలదు, అంచనాలు అందుకే మారతాయి. పాఠకులు వెనక్కిచ్చిన ఈబుక్కులూ ఇందులోంచే పోతాయి.

తర్వాత రెండు పరీక్షలు. చూపించిన రాయల్టీలోంచి పన్ను తీస్తే పంపిన మొత్తం రావాలి. రాకపోతే తేడా స్టోరు దగ్గర ఉంది. పంపిన మొత్తాన్ని ఆరోజు మారకపు రేటుతో గుణిస్తే బ్యాంకులో పడినదానికి కాస్త అటూ ఇటూగా రావాలి. ఒకటి రెండు శాతం తేడా మామూలే, ఐదారు శాతం దాటిందంటే మీ బ్యాంకో చెల్లింపు సంస్థో ఎక్కువ కోస్తున్నట్టు, దారి మార్చే సమయం వచ్చింది. ఏ తేడా ఎక్కడిదో తెలియకుండా స్టోరు మీద విరుచుకుపడితే వాళ్ళు బ్యాంకును అడగమంటారు, బ్యాంకు స్టోరును అడగమంటుంది.

8. పన్ను కాగితం దాచుకోండి

అమెరికాలో పన్ను కోసిన సంస్థ మరుసటి ఏడాది మార్చి మధ్యకల్లా 1042-ఎస్ అనే పత్రం ఇస్తుంది. అందులో 2వ గడిలో మొత్తం ఆదాయం, 7ఏ గడిలో కోసిన పన్ను ఉంటాయి. మీ షీటులోని ఏడాది మొత్తంతో పోల్చండి. రాయల్టీకి మీ సొంత దేశంలోనూ పన్ను కట్టాల్సి వస్తే, అక్కడ కోసినదాన్ని ఇక్కడ తగ్గించుకునే వెసులుబాటు చాలా దేశాల్లో ఉంది, దానికి ఆధారం ఈ కాగితమే. చేతికి పడిన మొత్తాన్నే ఆదాయంగా చూపించడం మామూలుగా చేసే తప్పు. కోతకు ముందున్న మొత్తం చూపించి, కోసిన పన్నుకు విడిగా మినహాయింపు అడగాలి. మొత్తం పెద్దదైతే విదేశీ ఆదాయం చూసిన అనుభవం ఉన్న అకౌంటెంటుకు ఒక్కసారైనా చూపించండి.

9. అయినా రాకపోతే

గడువు దాటి పది రోజులు ఆగి, అప్పుడు రాయండి. డబ్బు రాలేదు అని ఒక్క ముక్క రాస్తే రెడీమేడ్ జవాబొస్తుంది. ఏ స్టోరు, ఏ నెల అమ్మకం, రిపోర్టులో ఎంతుంది, చెల్లింపుల పేజీలో పంపినట్టు చూపిస్తోందా, ఏ తేదీన, ఆ తేదీ నుంచి ఇప్పటిదాకా బ్యాంకు స్టేట్‌మెంటులో లేదన్న సంగతి, ఇవన్నీ ఒకే మెయిల్లో పెట్టండి. పంపినట్టు ఉండి మీకు రాకపోతే చెల్లింపు రిఫరెన్సు నంబరు అడిగి తీసుకుని, దాంతో మీ బ్యాంకు విదేశీ మారకపు విభాగానికి వెళ్ళండి. వివరాలు తప్పయితే డబ్బు స్టోరుకే తిరిగి వెళ్ళి ఉంటుంది, బ్యాంకు వివరాలు సరిచేశాక మళ్ళీ పంపుతారు, ఎప్పుడు పంపుతారో ఆ మెయిల్లోనే అడిగి రాతలో తీసుకోండి.